రెండోసారి తర్వాత

తెలుగులో వేలాన్ని పాట అంటారని
ముప్ఫై రెండేళ్లు వచ్చాక పట్టించుకున్నాను,
చేపలరేవులో, తెల్లవారుజామున,
వాసుపల్లి దానమ్మ గొంతెత్తగానే.
రాగం లేదు. తాళం మాత్రం ఉంది.
ఒకటోసారి. రెండోసారి.
మూడోసారి అనేముందు
ఒక్క క్షణం సముద్రం వైపు చూస్తుంది.

నేను మధురవాడ కొండ దిగి వచ్చాను, రాత్రి డ్యూటీ అయ్యాక.
మా పనీ పాటే.
ఊరంతా చెల్లాచెదురుగా రెండువందల పది కంప్యూటర్లు.
మేస్త్రీ లేడు,
నువ్విది చెయ్యి నువ్వది చెయ్యి అనే పెద్దగొంతు లేదు.
పని వస్తుంది, చేతిలో టోకెన్లు చూపిస్తుంది.
ఖాళీగా ఉన్న యంత్రం తన ధర చెబుతుంది.
కుదిరితే కుదిరినట్టు.

నంబర్లు గుర్తుండక పేటల పేర్లు పెట్టుకున్నాం.
కంచరపాలెం పాతది, మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతుంది,
రెండు దాటితే రేటు పెంచేస్తుంది.
అత్యాశ కాదు, ఆయాసం.
అరిలోవ కరెంటు పోతే చెప్పకుండా మాయం.
పక్కనే హనుమంతవాక ధర కాస్త ఎగబాకుతుంది.
అదే కబురు.

మధ్యలో ఒక పెద్దని కూర్చోబెడితే పోదా, అన్నాడు
ఫల్గుణరావు, మేనేజరుగా వచ్చిన కొత్తలో.
హుద్‌హుద్ రాత్రి మా వీధి టవరు ఒక్కటే పడింది సార్,
వీధంతా మూగబోయింది, అన్నాను.

ఈ వారం ఒక పని వచ్చింది.
యూనివర్సిటీలో సముద్రం చదువుకునే నాగవల్లిది.
భీమిలి దగ్గర అలలు ఎంతెత్తు లేస్తాయో లెక్క.
చేతిలో నలభై టోకెన్లు.
అదే రాత్రి పెళ్లి వీడియోల కంపెనీ ఒకటి
తొమ్మిదివేలతో దిగింది
పెళ్లికూతుళ్ల మొహాల మీద వెలుతురు సవరించడానికి.
గాజువాక అటే పోయింది. గోపాలపట్నం అటే. పెందుర్తీ అటే.
తప్పు పట్టలేను, ఆ సూత్రాలు రాసింది నేనే.
నలభై టోకెన్ల పని
ప్రతి గుమ్మం దగ్గరా చెయ్యి చాపి
మళ్లీ వరుస చివరికి వచ్చి
మళ్లీ చాపి...
తెల్లార్లూ తెర మీద ఒకే పసుపు గీత.
దాన్నెవరూ తోసెయ్యలేదు. చోటు రాలేదు, అంతే.

టీ కొట్టు దగ్గర దానమ్మకి చెప్పాను.
గెలిచినవాడు తన ధర కాదు, రెండోవాడి ధర కడతాడనీ
అందుకే మా దగ్గర అబద్ధానికి లాభం లేదనీ.
పొట్ట పట్టుకుని నవ్వింది.
"ఇక్కడ ఒక్కడు నిజం సెప్తే నాను రేవొదిలేస్తాను!
కోనెం కావలసినోడు సొర కేసి సూస్తాడు."
నవ్వు ఆపి,
"ఆ గుంట ఏటి లెక్కలు కడతంది?"
అలలెత్తు.
"అదాపీసి పెళ్లి బొమ్మలు సేస్తన్నారేటి?"
ధర, అన్నాను.
నా మాట నాకే నీచు కొట్టింది.

చివరి గంప, కానాగంతలు.
ఒకటోసారి. రెండోసారి.
అప్పుడు కనిపెట్టాను, ఆవిడ చూసేది సముద్రాన్ని కాదు.
ఐసు ఫ్యాక్టరీ గోడవార
ఖాళీ తపేలాతో ముసలి సూరాడ గురమ్మ.
బేరగాళ్లందరికీ ఒక్కసారే దగ్గు వచ్చింది,
చెప్పులో ఇసక దులుపుకోవాల్సొచ్చింది.
మూడోసారి.
గంప గురమ్మది, సగం ధరకి.

"రేతిరి మూడింటి కాణ్నించి కూకుంది.
కూకున్నందుక్కూడా ఓ రేటుంటాదమ్మా."

ఆ సాయంత్రం ఒక్క వాక్యం కలిపాను:
ఆగిన ప్రతి విడతకీ ఒక టోకెను.
మర్నాటి రాత్రి రెండూ యాభైకి
ఒళ్లు చల్లబడ్డ కంచరపాలెం
నాగవల్లి అలల్ని ఎత్తుకుంది.
ఎవరూ లేని గదిలో లేచి నిలబడ్డాను.

మూడో రోజుకే పెళ్లి వీడియోల వాళ్లు
తమ పనిని వెయ్యి ముక్కలు చేసి
వరుసలో కూర్చోబెట్టారు,
ఆ కూకున్న రేటు కోసం.

మళ్లీ రేవుకి వెళ్లాను.
నీకెలా తెలుస్తుంది, ఎవరు కూర్చున్నారో
ఎవరు కూర్చున్నట్టు నటిస్తున్నారో?
"మొకం సూస్తాను," అంది దానమ్మ, గంప ముందుకు లాగుతూ.
నా యంత్రాలకి మొహాలు లేవు, పేటల పేర్లే.

ఒకటోసారి, అంది.
నేనూ లోలోపల అన్నాను.
రెండోసారి.